చిట్టీ, ఆ టిక్కు మళ్లీ పెట్టాలి

చిరంజీవి చిట్టికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. లాప్‌టాప్‌లో వైఫై గుర్తు కనిపిస్తున్నా ఏ పేజీ తెరుచుకోవడం లేదట. దుకాణంలో చూపిస్తే వైఫై కార్డు పోయింది, పదిహేను వందలవుతుంది అన్నారట. నువ్వేమో దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసి, "ఆ ఫైర్‌వాల్‌నే తీసి పారేస్తాను, కుదరకపోతే ఫార్మాట్ చేసేస్తాను" అన్నావట. ఫైర్‌వాల్ అంటే నెట్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చేవాటిని, బయటికి పోయేవాటిని ఆపి చూసే కాపలాదారు. టీవీ రిమోట్‌లో బ్యాటరీలు మార్చడానికి పక్కింటి పిల్లాణ్ని పిలిచే మా అక్క కడుపున నువ్వు పుట్టావు చూడు, నాకు అదే ఆశ్చర్యం. సంతోషంగానే పడుకున్నాను గానీ "తీసి పారేస్తాను" అన్న మాట దగ్గర నా నిద్ర ఎగిరిపోయింది. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని సగంలో పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఫార్మాట్ మాట ఎత్తకు. నీ ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంది కదా! ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. ఎక్కించాకే మిగతా ఉత్తరం చదువు.

ఏరోప్లేన్ మోడ్ పడిందేమో చూడు. తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో చూడు. రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టు. అదే వైఫై మీద నీ ఫోన్ పనిచేస్తోందంటే రౌటర్ మంచిదే.

ఇక దుకాణం వాళ్లు చెప్పిన కార్డు సంగతి. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా పెట్టి, కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ గుండా లాప్‌టాప్‌కు ఇచ్చేది) ఆన్ చెయ్. ఆ దారిలో వైఫై కార్డుకు పనే లేదు. అలా కూడా పేజీలు రాకపోతే తప్పు కార్డుది కాదు, లోపల కూర్చున్న సాఫ్ట్‌వేర్‌ది. వస్తే మాత్రం ఫైర్‌వాల్‌ను అప్పుడే నిర్దోషి అని వదిలెయ్యకు. అది ఒక్కో నెట్‌వర్కును ఒక్కో రకంగా చూస్తుంది.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టు, లాప్‌టాప్‌కు నెట్‌వర్కులో ఉన్న అడ్రసు చూపిస్తుంది. ఇళ్లలో చాలావరకు 192.168తో మొదలయ్యే అడ్రసు ఉంటుంది. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రసు అందక లాప్‌టాప్ తనంతట తానే ఒకటి తగిలించుకుందని అర్థం. అడ్రసు ఇచ్చిపుచ్చుకునే పని 67, 68 పోర్టుల మీద నడుస్తుంది. పోర్టులంటే నెట్ రాకపోకలకు కంప్యూటర్‌లో ఉండే నంబర్ల తలుపులు. ఫైర్‌వాల్ వాటిని మూసినా ఇదే కనిపిస్తుంది. అడ్రసు బాగానే ఉండి, 8.8.8.8 అనే గూగుల్ సర్వరుకు పింగ్ (ఉన్నావా అని ఒక పలకరింపు) కొడితే జవాబు వచ్చి, సైటు పేరుతో కొడితే రాకపోతే పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర అడ్డం పడింది. అసలు పింగ్‌కే జవాబు రాలేదని బెంగపడకు, కొన్ని ఫైర్‌వాల్స్ పింగ్‌ను కూడా మింగేస్తాయి.

లాప్‌టాప్‌తో పాటు వచ్చిన యాంటీవైరస్ గడువు అయిపోయి పది రోజులుగా ఎర్రగా అరుస్తోందని మీ అమ్మ మాటల మధ్యలో చెప్పింది. నా అనుమానమంతా దాని మీదే. అలాంటివి తమ సొంత ఫైర్‌వాల్ పెట్టుకున్నప్పుడు విండోస్ ఫైర్‌వాల్ పక్కకు తప్పుకుంటుంది. నువ్వు విండోస్ సెట్టింగుల్లో ఎంత వెతికినా తాళంచెవి దొరకదు, అది యాంటీవైరస్ బొడ్లో ఉంది. దాన్ని తెరిచి, ఫైర్‌వాల్ ఒక్కదాన్నే, పది నిమిషాలకు ఆపి చూడు. ఎంతసేపు ఆపాలని అడిగే చోట "ఎప్పటికీ" అనేది కూడా ఉండవచ్చు. నీ వేలు దాని మీద పడకూడదు.

ఎందుకో చెబుతాను. మీ అమ్మకు కూడా తెలియదు ఇది.

2003లో గడియారం సెంటర్ దగ్గర మొదటి అంతస్తులో నాకు నెట్ సెంటర్ ఉండేది. నువ్వింకా పుట్టలేదు. ఆరు కంప్యూటర్లు, ఫోన్ తీగ మీద నడిచే ఒక ఐఎస్‌డీఎన్ నెట్ లైను, గంటకు 20 రూపాయలు. లైను మొదటి కంప్యూటర్‌కు వచ్చేది, అక్కడి నుంచి మిగతా ఐదింటికి పంచేవాణ్ని. జూన్‌లో ప్రింటర్ కొని ఆ మొదటి దానికే తగిలించాను. మిగతావాటికి అది కనిపించదు. రెండు గంటలు తల బాదుకుంటే, అప్పటి విండోస్ ఎక్స్‌పీలోని ఫైర్‌వాల్ అడ్డమని తేలింది. అప్పట్లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో టిక్కు ఉండేది. ప్రింటర్ కోసం తీయవలసింది లోపలి వైరు మీది టిక్కు ఒక్కటే. నేను విసుగులో బయటి లైను మీదది కూడా తీసేశాను. ప్రింటర్ గరగరమని కాగితం లాగింది. తర్వాత పెడదాంలే అనుకున్నాను.

ఆగస్టు 11న బ్లాస్టర్ అనే వార్మ్, అంటే తనంతట తానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకే వైరస్ లాంటిది, బయటపడింది. మెయిల్ తెరవనక్కరలేదు, దేన్నీ నొక్కనక్కరలేదు, నెట్‌లో ఉండి 135వ పోర్టు తెరిచి ఉంటే చాలు, లోపలికి వచ్చేసేది. దానికి మందు, అంటే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ జూలై 16నే విడుదల చేసింది. నేను అదీ వెయ్యలేదు. డౌన్‌లోడ్ పెడితే అంతసేపు లైను నెమ్మదిస్తుందని, గిరాకీ పోతుందని లెక్కలు వేసుకున్నాను.

పంద్రాగస్టు మర్నాడు, శనివారం. మర్రిగూడ వైపు నుంచి ఒక ముసలమ్మ నెలకోసారి వచ్చేది. ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు వంగిపోయిన మనిషి. గోడ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా ఆగి ఎక్కేది. కొడుకు దుబాయిలో కూలి. యాహూ మెసెంజర్‌లో కలిపి, హెడ్‌ఫోన్ నేనే ఆమె తలకు పెట్టేవాణ్ని. ఆ రోజు కొడుకు "అమ్మా, తిన్నావా" అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోగా తెర మీద ఒక పెట్టె వచ్చి కూర్చుంది. 60 సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతుందట. అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. ఆమెకు చదువు రాదు. అది కొడుకు పంపిన బొమ్మ ఏదో అనుకుని, దాన్నే చూస్తూ నవ్వుతోంది.

ఆగిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ కలిపాను, మళ్లీ ఆ పెట్టె. కంప్యూటర్ మార్చి కూర్చోబెట్టాను, అక్కడా అంతే. ఒకటి సోకితే లోపలి వైర్ల గుండా ఆరింటికీ పాకిందని అప్పుడు నాకు తెలియదు. నాలుగోసారికి ఆమే హెడ్‌ఫోన్ తీసేసి, "వాడికి డ్యూటీ వేళయింది, ఉండనీ బిడ్డా" అంది. ఏమైందని అడిగితే లైను బాగా లేదమ్మా అన్నాను. వద్దంటున్నా 20 రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లింది.

సాయంత్రం ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వచ్చాడు. స్టార్ట్ మెనూలోని రన్ పెట్టెలో ఇంగ్లీషులో షట్‌డౌన్ అని రాసి, పక్కన ఒక అడ్డగీత, 'a' అనే అక్షరం (shutdown -a) కొట్టి ఆ అంకెలను ఆపి చూపించాడు. తర్వాత సెట్టింగులు తెరిచి, "అన్నా, బయటి లైను మీద ఫైర్‌వాల్ ఎందుకు తీశావు?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. ఆరింటినీ శుభ్రం చేసేసరికి రాత్రి రెండు దాటింది. మరుసటి నెల ముసలమ్మ వచ్చింది. ఆ రోజు లైనే బాగా లేదని మళ్లీ అదే చెప్పాను. మొదటిసారి తెలియక చెప్పిన మాట. రెండోసారి తెలిసి చెప్పిన అబద్ధం.

మరుసటి ఏడు ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 వచ్చింది. అప్పటి నుంచి ఫైర్‌వాల్ మనం అడగకుండానే ఆన్ అయి ఉంటోంది. నాలాంటివాళ్లను నమ్మలేకే అలా చేశారని నా అభిప్రాయం.

సరే, నీ సంగతికి వద్దాం. పది నిమిషాలు ఆపినప్పుడు పేజీలు వచ్చాయంటే దొంగ దొరికినట్టే. వెంటనే మళ్లీ ఆన్ చేసి, ఆ యాంటీవైరస్‌లో నెట్‌వర్కుల జాబితా చూడు. దేవరకొండలో మన ఇంటి వైఫైని నమ్మకం లేనిదిగా రాసుకుని ఉంటే నమ్మకమైనదిగా మార్చు. అప్పటికీ వినకపోతే ఫైర్‌వాల్ రూళ్లను మొదట్లో ఉన్నట్టుగా రీసెట్ చెయ్. గడువు తీరిన దానికి ఇంతకంటే మర్యాద అవసరం లేదు, ఆ తర్వాత తీసేసినా నేనేమీ అనను. మామూలుగా తీస్తే కొన్నిటి ముక్కలు వైఫై ప్రాపర్టీస్‌లో అంటుకుని మిగిలిపోయి అడ్డుపడుతూనే ఉంటాయి. అందుకని వాటిని తయారుచేసిన కంపెనీవాళ్లే ఇచ్చే తొలగింపు టూల్‌ను ముందుగానే ఫోన్‌లో దింపి పెట్టుకో. నెట్ లేని లాప్‌టాప్‌లో తర్వాత దింపుకోలేవు కదా. యాంటీవైరస్ పోయాక కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ ఫైర్‌వాల్ తిరిగి ఆన్ అయిందో లేదో నీ కళ్లతో చూడు. అవుతుందిలే అని వదిలెయ్యకు. నెట్‌వర్క్ రీసెట్ అన్నిటికంటే చివర. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ మరచిపోతుంది, ముందే కాగితం మీద రాసుకో.

ఇదంతా ఇంట్లోనే చెయ్. సోమవారం పాలమూరు హాస్టల్‌కు వెళ్లాక అక్కడి వైఫై మీద ఒక్క నిమిషం కూడా ఫైర్‌వాల్ ఆపకు. ఆ నెట్‌వర్కును పబ్లిక్ అనే పెట్టు, ప్రైవేట్ అని మార్చకు. ఎంతమంది తగులుకుని ఉంటారో, ఎవరి లాప్‌టాప్‌లో ఏముందో! బాగుచేస్తామని ఎవరైనా ఫోన్ చేసి, ఏదో యాప్ వేసుకోమని అంటే వెయ్యకు, ఫోన్ కట్ చెయ్. నన్ను ముసలి భయస్తుడని నవ్వుకుంటావు, నవ్వుకో.

పది నిమిషాలు ఆపే ముందు ఒక చీటీ మీద "ఫైర్‌వాల్ ఆపాను" అని టైముతో సహా రాసి తెరకు అంటించు. మళ్లీ ఆన్ చేశాక దాన్ని చింపి, ఆ ఆన్ అయిన తెరను ఫొటో తీసి నాకు పంపు. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

ముసలమ్మ సంగతి మీ అమ్మకు చెప్పకు. దసరాకు వచ్చినప్పుడు నేనే చెబుతాను.

మీ మామయ్య,
నల్లగొండ