తులూజ్ నుంచి కార్కసోన్: 28 టైరు సరిపోదండీ

ఫ్రాన్స్‌లో మిడి కాలువ (కెనాల్ దు మిడి) గట్టు వెంట కార్కసోన్ దాకా 28 మిల్లీమీటర్ల సైకిల్ టైర్లతో వెళ్లొచ్చా, దారిలో నీళ్లు దొరుకుతాయా అని అడిగారు కదా. తులూజ్ నుంచి మొదటి 50 కిలోమీటర్లు తారు దారే, ఏ సైకిలైనా పోతుంది. ఓడ్ జిల్లాలోకి దిగాకే అసలు కథ. తారు బదులు కంకర, మట్టి, కొన్నిచోట్ల గట్టును పైకి లేపేసిన ప్లేన్ చెట్ల (కాలువ పక్కన నాటిన నీడ చెట్లు) వేర్లు. వాన పడితే బురద చక్రానికి అంటుకుని తిరగనివ్వదు. 40 మిల్లీమీటర్ల టైర్లు వేసుకోండి, గాలి కాస్త తగ్గించండి.

గ్రావెల్ (కంకర దారుల్లో సైకిల్ తొక్కడం) రుచి చూడాలంటే మాత్రం నోరూజ్ అనే చోట కాలువ వదిలి రిగోల్ పట్టుకోండి. కొండనీళ్లను కాలువకు తెచ్చే పిల్లకాలువ అది. రెవెల్ ఊరి వైపు దాదాపు 40 కిలోమీటర్లు, ఎక్కుడు లేనట్టే. నన్నడిగితే కాలువ గట్టు కన్నా ఇదే బాగుంటుంది.

నీళ్లకు బెంగ వద్దు. ఊరి శ్మశానాల్లో గేటు పక్కన సాధారణంగా కుళాయి ఉంటుంది, అక్కడి సైక్లిస్టులంతా సీసాలు నింపుకునేది అక్కడే. ‘నాన్ పొటాబ్ల్’ (తాగే నీరు కాదు) అని రాసుంటే తాగకండి. తిండి విషయంలోనే జాగ్రత్త: పల్లెటూరి కొట్లు మధ్యాహ్నం మూసేస్తారు, ఆదివారం సాయంత్రం, సోమవారం చాలావరకు తెరవరు. శనివారమే రొట్టె, చీజ్ సంచిలో పడేసుకోండి.