వేర్వేరు తరాల స్నేహం మీద మంచి కామెడీ సినిమా ఏది? అలాంటి స్నేహాలు నిజంగా ఉంటాయా?

సినిమా అంటే నేను 'ది ఇంటర్న్' పేరే చెబుతాను. 2015లో వచ్చింది, నాన్సీ మేయర్స్ రాసి తీశారు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఏళ్ల బెన్, బ్రూక్లిన్‌లో ఆన్‌లైన్ బట్టల కంపెనీ నడిపే జూల్స్ దగ్గర ఇంటర్న్‌గా చేరతాడు. బెన్‌గా రాబర్ట్ డి నీరో, జూల్స్‌గా ఆన్ హాతవే.

మొదట్లో ఆమె అతనికి పనే చెప్పదు. ఆఫీసు మధ్యలో ఓ బల్ల ఉంటుంది, అందరూ అడ్డమైనవన్నీ దాని మీద పడేస్తుంటారు. అది చూస్తే జూల్స్‌కి చిరాకు. బెన్ ఒకరోజు పెందలాడే వచ్చి, ఎవరూ చెప్పకుండానే దాన్ని శుభ్రంగా సర్ది పెడతాడు. అలాంటి మనిషిని కూడా ఆమె 'అన్నీ మరీ గమనిస్తున్నాడు' అని వేరే విభాగానికి పంపించేస్తుంది, తర్వాత తనే వెళ్లి సారీ చెప్పి వెనక్కి పిలుచుకుంటుంది. నా దృష్టిలో స్నేహం మొదలైంది అక్కడే. ఇక నవ్వులంటారా, జూల్స్ తన తల్లి గురించి కోపంగా రాసిన మెయిల్ పొరపాటున ఆ తల్లికే వెళ్తుంది. దాన్ని తీసేయడానికి బెన్ ఆఫీసు కుర్రాళ్లను వెంటేసుకుని ఆవిడ ఇంట్లోకి దూరే సీను చూసి తీరాలి.

నిజంగా ఉంటాయా అంటే, ఉంటాయి. గుంటూరు బ్రాడీపేటలో నేను కారం, పొడులు చేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మా కింద వాటాలో ఉండే బాబాయ్ గారు మిర్చి యార్డులో ఓ కమిషన్ కొట్టు గుమాస్తాగా చేసి మానేశారు. చుట్టరికమేమీ లేదు. మాకు మిర్చి టిక్కీలు, అంటే ఎండుమిర్చి బస్తాలు, దిగుతుంటే అరుగు మీద కూర్చుని చూసేవారు, నోరు మెదిపేవారు కాదు. కారం రంగు తగ్గిందని కస్టమర్లు అంటున్నప్పుడు నేనే వెళ్లి అడిగాను. లేచి వచ్చి, పైకాయ ముట్టుకోకుండా చెయ్యి మోచేతిదాకా టిక్కీలోకి పెట్టి ఓ గుప్పెడు తీశారు. ఒక కాయను చెవి దగ్గర ఊపారు, గింజ మోగలేదు. వంచితే వంగింది గానీ విరగలేదు.

"చెమ్మ ఉందమ్మాయ్. పైన పోసింది వేరు, అడుగున వేరు" అని రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన పెట్టారు. ముందే నన్నడగాల్సింది అనే మాట ఆయన నోట రాలేదు. అందుకే మర్నాడూ అడగబుద్ధయింది. ఇప్పుడు కొరియర్ ట్రాకింగ్ ఆయనే చూస్తారు. "మనది నాగపూర్ దాటిందమ్మా" అని మెట్ల కింద నుంచి కేకేసి చెబుతారు.

ఈ సినిమా ఇద్దరం కలిసే చూశాం, మాటలు నేను తెలుగులో చెబుతూ. జూల్స్ భర్త తప్పుచేసిన సంగతి చివర్లో చాలా తేలిగ్గా తేల్చేశారని నాకు కోపం. బాబాయ్ గారేమో కాపురం నిలబడింది కదా అంటారు. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు.

ఇంట్లో పెద్దవాళ్లతో చూస్తే మధ్యమధ్యలో ఆపి వాళ్లను మాట్లాడనివ్వండి. ఒకటి రెండు సీన్లు కాస్త ఇబ్బందిగా ఉంటాయి, కాబట్టి ముందు మీరొకసారి చూసుకోండి.