కారు అమ్మేసి కరెంటు స్కూటర్ కొనొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం అండి. ఇంట్లో పద్నాలుగేళ్ల పాత చిన్న కారుంది, వారంలో సగం రోజులు సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉంటుంది, బెసంట్ రోడ్డు వైపు తీసుకెళ్తే పార్కింగ్ దొరకదు. అది అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుందామని. పొద్దున పిల్లలిద్దర్నీ (తొమ్మిదేళ్లు, ఆరేళ్లు) స్కూల్లో దింపాలి, సరుకులు తేవాలి, అత్తయ్యగారిని నెలకోసారి గవర్నర్‌పేట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, అప్పుడప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మావాళ్లింటికి. రోజుకి పాతిక కిలోమీటర్లు దాటదు. మా ఆయన మాత్రం రేంజ్ (ఒక్క ఛార్జికి పోయే దూరం) ఎక్కువున్నదే తీసుకోమంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: రేంజ్ సంగతి కాసేపు పక్కన పెట్టండమ్మా. కంపెనీ చెప్పే రేంజ్ టెస్టులో వచ్చింది, మన రోడ్డు మీద అందులోంచి పాతికో ముప్ఫయ్యో శాతం తీసేసుకోండి, అలా తీసేసినా 3 కిలోవాట్ అవర్ (అంటే మూడు యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీకి డెబ్భై, ఎనభై కిలోమీటర్లు వస్తాయి, మీ పాతిక కిలోమీటర్లకి అది రెండు మూడు రోజుల తిండి. ఇక బ్రాడీపేట. హైవే మీద అరవై, డెబ్భై స్పీడులో పోతే ఛార్జి గబగబా దిగిపోతుంది, నన్నడిగితే లారీల మధ్య పిల్లల్నేసుకుని ఆ రోడ్డు ఎక్కనే వద్దు, బస్టాండుకి పోతే గుంటూరు బస్సు వెంటనే దొరుకుతుంది. ఆ అప్పుడప్పుడు కోసం పెద్ద బ్యాటరీకి డబ్బులు పోయడం దండగ.

మీ అసలు చిక్కు పిల్లలిద్దరూ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 128 ప్రకారం బండి నడిపేవాళ్లు కాక ఇంకొక్కరే ఎక్కాలి, చిన్నపిల్లలే కదా అనే మినహాయింపు లేదు, ముందొకర్ని వెనకొకర్ని ఎక్కిస్తే వెయ్యి రూపాయలు ఫైనూ, మూడు నెలలు లైసెన్సు మీద వేటూ. నాలుగేళ్లు దాటిన పిల్లలకి హెల్మెట్ కూడా ఉండాలి. బెంజి సర్కిల్లో నలుగురెక్కి పోయేవాళ్లు రోజూ కనిపిస్తారు కదా అంటారేమో, కనిపిస్తారు, అందుకని నేను మీకు సలహా ఇవ్వలేను కదా. పెద్దాణ్ణి స్కూలు బస్సుకో ఆటోకో మాట్లాడండి, లేదా ఒకర్ని మీవారు తన బండి మీద దింపాలి. ఈ ఏర్పాటు కుదరకపోతే కారు అప్పుడే అమ్మొద్దు, ఇంత మాట ఏ షోరూం వాడూ చెప్పడు.

రెండోది ఛార్జింగ్. బండి ఏదో తేల్చుకునే ముందే సెల్లార్‌లో మీ పార్కింగ్ దగ్గరికి మీ మీటర్ నుంచి లైను లాగడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందా కనుక్కోండి. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 15 ఆంప్స్ ప్లగ్గు, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు), మంచి ఎలక్ట్రీషియన్‌కి ఒక్క పూట పని. బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడదీసి పెట్టే పద్ధతి మాత్రం వద్దు. లైను కుదరకపోతే విడా లాంటి స్కూటర్లలో బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకోవచ్చు, కానీ పడగ్గదిలో పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలోనే రాత్రి పడగ్గదిలో ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు, ఆ ఏడాది దేశంలో అలాంటివి వరసగా జరిగాకే ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని గట్టి చేసి డిసెంబర్ నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చారు. అందుకని అంతకుముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి చవగ్గా వస్తోందన్నా మీరు దాని జోలికి పోవద్దు. ఎండల్లో తిరిగొచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకుండా బ్యాటరీని కాస్త చల్లబడనిస్తే దానికే మంచిది, మన మే నెల సంగతి మీకు తెలుసుగా.

ఇంక బండి. ఐక్యూబ్, రిజ్టా, చేతక్, విడా అన్నీ చూడండి, అయితే షోరూంకి ఒక్కరే పోకండి, అత్తయ్యగారిని తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టండి. సీటు ఎక్కేటప్పుడు కాలు ఎంత ఎత్తు లేపాల్సొస్తోంది, పాదం ఫుట్‌రెస్ట్ మీద పూర్తిగా ఆనుతోందా, వెనక కమ్మీ చేతికి అందుతోందా, ఇవన్నీ ఆవిడే చెప్పాలి, మీరూ నేనూ కాదు. వీలైతే ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా కూడా పట్టుకెళ్లి ఫుట్‌బోర్డు మీద పెట్టి హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పండి, కొన్నిటికి మోకాళ్లు తగులుతాయి, సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి. ఆవిడ మోకాళ్లు ఒప్పుకోకపోతే నెలకోసారి క్యాబ్ పెట్టుకోండి, కారు ఇన్సూరెన్సు, సర్వీసింగు డబ్బుల్లో అది ఏ మూలకీ రాదు. పైగా కారుకి పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ చేసుకోవాలి, కాబట్టి అమ్మేట్టయితే ఈ ఏడాదే అమ్మండి.

ఖర్చు చూస్తే యూనిట్‌కి తొమ్మిది రూపాయలు పడినా స్కూటర్‌కి కిలోమీటరుకి అర్ధరూపాయి లోపే, సిటీలో లీటరుకి పన్నెండు ఇచ్చే కారుకి తొమ్మిది రూపాయల పైమాటే.

ప్రశ్న: మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా పెట్రోల్ బండి రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. ఎలక్ట్రిక్ బండైతే ఐపీ67 ఉంటుంది కాబట్టి ఏమీ కాదని షోరూంలో చెప్తున్నారు, నమ్మొచ్చా?

జవాబు: వానకి, రోడ్డు మీద నిలిచిన నీళ్లకి భయం లేదు. కానీ ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చూసే టెస్టు, బుడమేరు అరగంటలో తీసిందాండీ? పైగా ఆ రేటింగు చాలావరకు బ్యాటరీకి, మోటారుకే, వైరింగ్ మొత్తానికి కాదు. థర్డ్ పార్టీతో సరిపెట్టకుండా సొంత బండి నష్టానికి కూడా వర్తించే ఇన్సూరెన్సు తీసుకోండి, హెచ్చరిక రాగానే ఎత్తైన చోటికి తోలేయండి. మునిగిన బండిని మాత్రం ఆన్ చేసి చూడొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు, సర్వీస్ సెంటర్‌కి వ్యాన్‌లోనే వెళ్లాలి.

ప్రశ్న: గుంటూరు లక్ష్మీపురం నుంచి. నెదర్లాండ్స్‌లో సైకిలుకి ముందు పెట్టె కట్టి పిల్లల్ని కూర్చోబెట్టుకుని పోతున్న వీడియోలు చూశాను, కారే అక్కర్లేదట. ఇక్కడ అలాంటిది తెప్పించుకోవచ్చా?

జవాబు: వీడియోలో సైకిల్ ఒక్కటే చూశారు, దాని కింద రోడ్డు కూడా చూడండి. అక్కడ సైకిళ్లకి విడిగా దారులుంటాయి, మనకి ఆ ట్రాకు మీద పానీపూరీ బండి ఉంటుంది. ఆ సైకిళ్లకి తొక్కుతుంటేనే మోటారు సాయం, అదీ 25 కిలోమీటర్ల స్పీడు వరకే. మన దగ్గర కూడా 250 వాట్ల లోపు, 25 స్పీడు దాటని బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అయితే "లైసెన్సు అక్కర్లేదు" అని అమ్ముతూ నలభై స్పీడు పోయేవి కూడా బజార్లో ఉన్నాయి, అలాంటిది కొంటే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు లైసెన్సూ ఉండదు, ఇన్సూరెన్సూ ఉండదు.