అతిశీతల ద్రవాల పంపులు: మెకానికల్ విద్యార్థికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. క్రయోజెనిక్ (అతిశీతల ద్రవాల) పంపుల రంగంలో స్థిరపడతానంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటున్నారు. ఈ రంగంలో నిజంగా ఉద్యోగాలున్నాయా? ఏం చదవాలి?
– ఒక తండ్రి

జవాబు: ఉద్యోగాలున్నాయి, కానీ తక్కువ. సాఫ్ట్‌వేర్‌లా వేల సంఖ్యలో నియామకాలు ఉండవు. ఆ మాట ముందే చెప్పాలి. అయినా మీ అమ్మాయిని ఆపవద్దనే నా సలహా. మెకానికల్‌లో నేర్చుకున్న ప్రతి పాఠమూ పనికొచ్చే రంగం ఇది.

ద్రవ సహజవాయువు (ఎల్‌ఎన్‌జీ) సుమారు మైనస్ 162 డిగ్రీల దగ్గర, ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర, ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 దగ్గర మరుగుతాయి. ట్యాంకులో ఇవి దాదాపు మరిగే స్థితిలోనే ఉంటాయి. పంపు ముఖద్వారం దగ్గర పీడనం కాస్త తగ్గితే చాలు, బుడగలు పుడతాయి. అవి లోపల పగిలి ఇంపెల్లర్‌ను (ద్రవాన్ని తోసే తిరిగే చక్రాన్ని) తినేస్తాయి. కళాశాల ప్రయోగశాలలో చెప్పే కేవిటేషన్ (ఈ బుడగల సమస్యే), ఎన్‌పీఎస్‌హెచ్ (బుడగలు పుట్టకుండా ముఖద్వారం దగ్గర ఉండాల్సిన పీడన మిగులు) ఇక్కడ మార్కుల కోసం చదివే పాఠాలు కావు, డిజైన్‌కు ప్రాణం. ఆ చలిలో మామూలు ఉక్కు గాజులా పెళుసవుతుంది కాబట్టి అల్యూమినియం మిశ్రమ లోహాలు, ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్ వాడతారు. ఒక్కో లోహం ఒక్కో మేరకు కుంచించుకుపోతుంది. భాగాల మధ్య ఖాళీలను ఆ లెక్కతోనే నిర్ణయించాలి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఎల్‌ఎన్‌జీ ట్యాంకుల్లోని పంపు. మోటారుతో సహా ద్రవంలోనే మునిగి ఉంటుంది! ఎల్‌ఎన్‌జీ విద్యుత్తును ప్రసరింపజేయదు, లోపల ఆక్సిజన్ ఉండదు కాబట్టి మంటకు అవకాశం లేదు. బయటికి షాఫ్టు రాదు కాబట్టి సీలు కారే బెడదా లేదు. బేరింగులకు కందెన కూడా ఆ పల్చటి ద్రవమే. ద్రవ ఆక్సిజన్ దగ్గర మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. అక్కడ నూనె మరక ఒక్కటి మిగిలినా ప్రమాదమే.

ఈ పంపుల విలువ మన దేశం గట్టిగా తెలుసుకున్నది 2010 ఏప్రిల్‌లో. స్వదేశీ క్రయోజెనిక్ దశతో ఎగిరిన ఇస్రో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-డీ3లో హైడ్రోజన్ అందించే బూస్టర్ టర్బోపంపు (టర్బైన్‌తో తిరిగే పంపు) ఆగిపోయింది, ప్రయోగం విఫలమైంది. ఆ లోపాలను సరిదిద్దుకుని 2014 జనవరి 5న డీ5తో ఇస్రో విజయం సాధించింది.

ఉద్యోగాల కోసం ఇస్రోలో ఎల్‌పీఎస్‌సీ (ద్రవ ఇంధన ఇంజిన్ల కేంద్రం), తమిళనాడులోని మహేంద్రగిరి కేంద్రం వైపు చూడవచ్చు. బెంగళూరులో హెచ్‌ఏఎల్ క్రయోజెనిక్ ఇంజిన్ల తయారీ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో ప్రైవేటు రాకెట్ సంస్థ స్కైరూట్ ఉంది. దహేజ్, కొచ్చి, ఎన్నూర్ ఎల్‌ఎన్‌జీ టెర్మినళ్లు, ఉక్కు కర్మాగారాలకు ఆక్సిజన్ అందించే ప్లాంట్లు కూడా ఈ పంపులతోనే నడుస్తాయి. టెర్మినళ్లలో షిఫ్టులుంటాయి, డిజైన్, విశ్లేషణ పనులు చాలావరకు కార్యాలయంలోనివే.

చదువు సంగతికొస్తే, బీటెక్‌లోనే ‘క్రయోజెనిక్’ పేరున్న కోర్సు కోసం వెతకనక్కర్లేదు. ఫ్లూయిడ్ మెకానిక్స్, టర్బోమెషినరీ, ఉష్ణ ప్రసారం, మెటీరియల్ సైన్స్, వైబ్రేషన్స్ గట్టిగా రావాలి. గేట్ మెకానికల్ రాసి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో గానీ, ఎన్‌ఐటీ రూర్కెలాలో గానీ క్రయోజెనిక్స్‌లో ఎంటెక్ చేయవచ్చు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో క్రయోజెనిక్ ఇంజినీరింగ్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టమనండి. ఎంటెక్ సీటు వెంటనే రాకపోతే మామూలు నీటి పంపుల సంస్థలో చేరినా నష్టం లేదు. అక్కడ నేర్చిన హైడ్రాలిక్స్‌నే ఇక్కడ చలిలోనూ వాడుకుంటుంది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు కళాశాలలోని సెంట్రిఫ్యూగల్ పంపునే తీసుకోమనండి. ముఖద్వార పీడనాన్ని తగ్గిస్తూ, కేవిటేషన్ ఎక్కడ మొదలవుతుందో కొలిచి, ఆ వక్రరేఖను తన లెక్కలతో పోల్చి చూడాలి. ఇంటర్వ్యూలో ఆ ఒక్క ప్రాజెక్టు గురించే అరగంట మాట్లాడగలుగుతుంది.