ట్రెడ్‌మిల్ దిగిన ముప్పావు గంటకు స్కాన్ తీస్తే ఏం తెలుస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. నడిస్తే ఛాతీ బరువెక్కుతోందంటే న్యూక్లియర్ స్ట్రెస్ టెస్ట్ రాశారు. ట్రెడ్‌మిల్ మీద ఉండగానే ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్ మాత్రం ముప్పావు గంటకు తీశారు. అప్పటికి ఆయాసం తగ్గి, నాడి మామూలుకొచ్చేసింది. ఇక శ్రమలో గుండె ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? ఆలస్యంతో పరీక్ష పాడైనట్టేనా?

జవాబు: ఇంజెక్షన్‌లో ఇచ్చేది స్కాన్‌లో వెలిగే, కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న మందు. అది టెక్నీషియం రకమైతే (సెస్టమిబి, టెట్రోఫాస్మిన్) పరీక్ష పాడవలేదు. ఈ మందులు రక్తంతోపాటు గుండె కండరంలోకి వెళ్లి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండిపోతాయి. ఇంజెక్షన్ పడిన ఒకటి రెండు నిమిషాల్లో ఏ భాగానికి ఎంత రక్తం అందిందో స్కాన్ దాన్నే చూపిస్తుంది, కాసేపాగి తీసినా. అందుకే సూది వేశాక కనీసం ఇంకో నిమిషం నడిపిస్తారు. కాళ్లు లాగేస్తున్నాయని వెంటనే దిగిపోతే అసలు నష్టం అక్కడే.

అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: సూది వేసేసరికి హార్ట్ రేట్ ఎంత? 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం చేరాలి. నాన్నగారికైతే నిమిషానికి సుమారు 135. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మాత్ర) వాడుతూ అంత చేరకపోతే రక్తనాళాల్లో ఉన్న అడ్డంకి కూడా స్కాన్‌లో బయటపడకపోవచ్చు. అలాగని ఆ మాత్రలు సొంతంగా ఆపేయకూడదు, డాక్టర్ చెబితేనే.

ఇక ఆగడమెందుకంటే, కాలేయం. మందులో కొంత అక్కడికీ చేరుతుంది. అది గుండె కింది గోడకు ఆనుకుని వెలిగిపోతుంటే ఆ గోడలో లోపం (రక్తం తక్కువ అందిన చోటు) కప్పబడొచ్చు, లేని లోపం కనిపించనూవచ్చు. వ్యాయామం తర్వాత కనీసం 15–20 నిమిషాలు ఆగుతారు, గంట వరకూ ఫరవాలేదు. నడవలేనివాళ్లకు రక్తనాళాలు వ్యాకోచించే మందుతో పరీక్ష చేస్తే కాలేయంలో ఇంకా ఎక్కువ చేరుతుంది కాబట్టి గంట దాకా ఆపుతారు. ఒక్కోసారి మందు పైత్యరసంతో పేగులోకి దిగి మళ్లీ అడ్డొస్తుంది. అప్పుడు నీళ్లు తాగించి, కాసేపు నడిపించి, స్కాన్ మళ్లీ తీస్తారు. దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు.

ఇదే పరీక్షకు వాడే మరో మందు థాలియం కథ వేరు. అది కండరంలో నిలవదు, రక్తంలోకి వస్తూ పోతూ సర్దుకుంటుంది. 10–15 నిమిషాల్లో మొదటి స్కాన్ మొదలవ్వాలి. మూడు నాలుగు గంటల తర్వాత తీసే రెండోదానితో పోలుస్తారు. మొదటిది ఆలస్యమైతే లోపం ఈలోగా పూడిపోయి కనిపించదు. మరీ తొందరా పనికిరాదు: ఆయాసం తగ్గేకొద్దీ గుండె మెల్లగా పైకి జరిగి, కింది గోడలో లేని మచ్చ పుడుతుంది. నాన్నగారి రిపోర్టులో మందు పేరు థాలియం అని ఉంటే ఆ ముప్పావు గంట ఎందుకైందో తప్పక అడగండి.