5600జీలో మొనెరో: 12 థ్రెడ్లు ఎందుకు వద్దంటే

రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌తో మొనెరో అనే క్రిప్టో కాయిన్ మైనింగ్ (కంప్యూటర్‌తో లెక్కలు చేయించి కాయిన్లు సంపాదించడం) చేస్తుంటే, 12 థ్రెడ్లూ (ఒకేసారి నడిచే పనులు) పెట్టినా హాష్‌రేట్ (ఆ లెక్కల వేగం) పెరగట్లేదు, జీక్యాష్ అనే ఇంకో కాయిన్‌కి మారిపోనా అని అడిగారు కదండీ. మారకండి. జీక్యాష్ మైనింగ్‌కి వాడేది ఈక్విహాష్ అనే అల్గారిథం. 2018లో బిట్‌మెయిన్ కంపెనీ దానికోసం యాంట్‌మైనర్ జెడ్9 మినీ అనే మెషిన్ తెచ్చింది, అప్పట్నుంచి అది ఏసిక్‌ల (మైనింగ్ ఒక్కటే చేసే ప్రత్యేక చిప్‌ల) రాజ్యం. మీ సీపీయూకి అక్కడ చిల్లర కూడా రాలదు. ఏసిక్‌లని రానివ్వకూడదని మొనెరో వాళ్లది మొండిపట్టు. అదే ఏడాది బిట్‌మెయిన్ ఎక్స్3 ఏసిక్ జనం చేతికి రాకముందే అల్గారిథం మార్చేశారు, 2019 నవంబర్‌లో ఏకంగా మామూలు సీపీయూలకి అనువైన రాండమ్‌ఎక్స్ అనే అల్గారిథంకి వెళ్లిపోయారు. ఆ గొడవలో నేను మొనెరో పక్షమే లెండి.

ఇక మీ సమస్య. రాండమ్‌ఎక్స్‌లో ఒక్కో థ్రెడ్‌కి 2 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) కావాలి. 5600జీలో ఉన్నదే 16 ఎంబీ. అంటే 8 థ్రెడ్లకి సరిపోతుంది. మిగతా నాలుగూ చోటు చాలక మాటిమాటికీ ర్యామ్‌కి పరిగెడుతూ అన్నిటినీ ఆలస్యం చేస్తాయి. ఎక్స్‌ఎమ్‌రిగ్ (మైనింగ్ ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో థ్రెడ్లు 8కి తగ్గించండి. తర్వాత దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి, సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చేసి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు వచ్చే లైన్లలో హ్యూజ్ పేజెస్ (ర్యామ్‌ని పెద్ద ముక్కలుగా వాడుకోవడం) 100% అని ఉందో లేదో చూడండి. లేకపోతే హాష్‌రేట్ బాగా పడిపోతుంది. ర్యామ్ ఒకే స్టిక్ అయితే రెండో ఛానెల్‌లో ఇంకోటి వెయ్యండి, తేడా కనిపిస్తుంది.

కరెంటు బిల్లు మాత్రం ముందే లెక్కేసుకోండి. మన దేశంలో క్రిప్టో లాభంపై 30% పన్ను, అందులోంచి మైనింగ్ ఖర్చు తీసెయ్యనివ్వరు.