పాఠకుల ప్రశ్నలు: సిగ్నల్ అందని గుంట గట్టున వెబ్ యాప్

ప్రశ్న: అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల రైతులు రోజువారీ మేత లెక్క రాసుకోవడానికి ఒక వెబ్ యాప్ నడుపుతున్నాం. ఆఫీసులో బాగానే ఉంటుంది. గుంట దగ్గర మాత్రం ‘సేవ్’ నొక్కాక చక్రం తిరుగుతూనే ఉంటుందట, ఒకే మేత మూడుసార్లు ఎక్కుతోందట. పెద్ద సర్వర్ తీసుకోమంటారా?
– కావలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు, డబ్బు దండగ. మీ సర్వర్ మొదటిసారే లెక్క రాసుకుంది. ‘అందింది’ అన్న జవాబు తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ పోయింది. రైతు ఎక్కలేదనుకుని మళ్లీ నొక్కాడు. బటన్‌ను పనిచేయకుండా ఆపేస్తే చాలదు, పేజీ రిఫ్రెష్ చేస్తే కథ మొదటికొస్తుంది.

ఫారం తెరిచినప్పుడే ఫోన్‌లో ‘క్రిప్టో.రాండమ్‌యూయూఐడీ’ (మళ్లీ రాని నంబరు పుట్టించే బ్రౌజర్ ఫంక్షన్)తో ఆ ఎంట్రీకి ఒక నంబరు ఇవ్వండి. డేటాబేస్‌లో ఆ నంబరు కాలమ్‌ను యూనిక్ చేయండి, అంటే ఒకే నంబరు రెండోసారి పడకూడదు. అదే నంబరు మళ్లీ వస్తే ఎర్రర్ ఇవ్వకుండా, పాత ఫలితాన్నే పంపి ‘సరే’ అనాలి. చాలామంది నొక్కిన ప్రతిసారీ కొత్త నంబరు పుట్టిస్తారు. అప్పుడు నంబరు ఉన్నా లేనట్టే. ఈ ఫంక్షన్ హెచ్‌టీటీపీఎస్ సైట్లలోనే పనిచేస్తుంది.

ఇక చక్రం సంగతి. నొక్కగానే ఎంట్రీని ముందు ఇండెక్స్‌డ్‌డీబీలో (ఫోన్‌లోనే ఉండే బ్రౌజర్ నిల్వలో) రాసి, జాబితాలో ‘పంపాలి’ అన్న గుర్తుతో చూపించండి. రైతు ఫోన్ జేబులో పెట్టుకుని తన పని చూసుకుంటాడు. సర్వర్ ఒప్పుకున్నాకే ‘చేరింది’ అని మార్చాలి. అంతకుముందే పచ్చ టిక్కు పెడితే అది అబద్ధం, ఒకసారి దొరికితే యాప్‌ను ఎవరూ నమ్మరు.

పంపడానికి ఆండ్రాయిడ్ క్రోమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ సింక్ (సిగ్నల్ రాగానే బ్రౌజరే పంపే సదుపాయం) ఉంది, ఐఫోన్ సఫారీలో లేదు. అందుకే యాప్ తెరిచినప్పుడల్లా మిగిలినవి పంపే ప్రయత్నం కూడా పెట్టండి. నెట్ ఉందో లేదో చెప్పే ‘నావిగేటర్.ఆన్‌లైన్’ను నమ్ముకోకండి, ఫోన్‌కు నెట్‌వర్క్ తగిలి, డేటా ఒక్క బైటూ కదలకపోయినా అది ‘ఉంది’ అనే చెబుతుంది. సర్వర్‌కు పంపే ‘ఫెచ్’ ఫంక్షన్‌లో గడువు పెట్టే ఆప్షనేదీ విడిగా లేదు, ‘అబార్ట్‌సిగ్నల్.టైమౌట్’తో 15 సెకన్ల గడువు పెట్టండి. విఫలమైతే 2, 4, 8, 16 సెకన్లు ఆగుతూ, దానికి కొంచెం అటూ ఇటూ కలిపి మళ్లీ పంపండి. లేకపోతే టవర్ తిరిగి లేచిన క్షణాన అన్ని ఫోన్లూ ఒకేసారి మీ సర్వర్ మీద పడతాయి. సర్వర్ నుంచి 401 (లాగిన్ చెల్లదన్న జవాబు) వస్తే మళ్లీ లాగిన్ అడగండి గానీ, లాగౌట్‌తో పాటు పంపని ఎంట్రీలను చెరిపేయకండి. రైతు వారం లెక్క పోయేది సాధారణంగా అక్కడే.

ప్రశ్న: రొయ్య ఫొటో జోడిస్తే అసలు కదలడం లేదు.

జవాబు: ఫోన్ కెమెరా ఫొటో 4 ఎంబీ అనుకోండి. సెకనుకు 400 కిలోబిట్ల లైన్లో అది ఎక్కడానికి 80 సెకన్లు. ఫోన్‌లోనే కాన్వాస్ (బ్రౌజర్‌లో బొమ్మలు గీసే చోటు) మీద పొడుగు వైపు 1280 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్ క్వాలిటీ 0.7తో దాచండి. 200 కేబీకి దిగితే 4 సెకన్లు చాలు. ఫొటోను ఎంట్రీతో కలపకండి. లెక్క ముందు పోవాలి, ఫొటో తర్వాత విడిగా. జబ్బు మచ్చ చూడాలంటే మాత్రం మొత్తం ఫొటో కుదించే బదులు ఆ భాగాన్ని కత్తిరించి పంపించడం మేలు.

ప్రశ్న: తెలుగు ఫాంటు దిగేదాకా పేజీ ఖాళీగా ఉంటోంది.

జవాబు: ఫాంటే తీసేయండి. ఈ రోజుల్లో ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ఉండనే ఉంటుంది. మీ బ్రాండు ఫాంటు తప్పదంటే ‘ఫాంట్-డిస్‌ప్లే: స్వాప్’ పెట్టండి, అక్షరాలు ముందు ఫోన్ ఫాంటులో కనిపిస్తాయి. ఇవన్నీ పరీక్షించడానికి క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (డెవలపర్ల పరీక్ష పనిముట్లలో) నెట్ వేగం 3జీగా ఎంచుకోవడం ఒక్కటే సరిపోదు. ‘సేవ్’ నొక్కిన మరుక్షణం ఏరోప్లేన్ మోడ్ వేసి, ట్యాబ్ మూసి, మళ్లీ తెరిచి సర్వర్‌లో ఎన్ని వరుసలు పడ్డాయో లెక్కపెట్టండి.